చెరిపేసిన రెండో ఫోటో

కెమెరాలు బాగుచేసే ఆయన్ని ఆ వీధిలో అందరూ చాదస్తం అనే పిలిచేవారు. ఆయన కూడా ఏమీ అనుకునేవాడు కాదు, ఉన్నమాటే కదా అని. విప్పి బిగించిన ప్రతి స్క్రూ తలమీదా భార్య గోళ్లరంగుతో ఎర్రచుక్క పెట్టేవాడు, తన తర్వాత ఇంకొకరు చెయ్యి పెడితే తెలియాలని. పని అయ్యాక సరిగ్గా రెండు ఫోటోలు తీసి చూసేవాడు. మొదటిది గోడ గడియారం, అంకెలు స్పష్టంగా వస్తున్నాయో లేదో తెలియడానికి. రెండోది బల్ల అవతల నిలబడ్డ మనిషి, ముఖం రంగు కుదిరిందో లేదో తెలియడానికి. అవీ ఆ మనిషి మెమరీ కార్డులోనే తీయాలి, కెమెరాకీ కార్డుకీ పొసగుతోందని తేలాలిగా. తేలగానే రెండూ చెరిపేసి మరీ ఇచ్చేవాడు. ఒకరి కార్డులో మన చెత్త మిగలకూడదు అనేవాడు.

"దొంగలు కూడా ఇంత శుభ్రంగా తుడిచిపోరండీ," అనేది బల్ల దగ్గర కూర్చుని చీటీలు రాసే ఆయన భార్య. ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదు. దుకాణానికి వచ్చిన ప్రతివాడితోనూ ఏదో ఒకటి అనకపోతే ఆవిడకి పొద్దుపోదు.

ఒకరోజు పొద్దున్నే మందుల షాపులో పనికి వెళ్తూ, ఆ కోటుతోనే ఒకమ్మాయి వచ్చింది. చేతిరుమాలులో చుట్టిన చిన్న కెమెరాని బల్లమీద పెట్టింది.

"నెల నుంచీ కార్డు ఎర్రర్ అంటోంది బాబాయిగారూ. నిన్న ఫార్మాట్ చెయ్యమంటావా అని అడిగింది. బాగుచేస్తానంటోంది కాబోలు అనుకుని సరే నొక్కాను. ఇప్పుడు అసలు ఫోటోలే లేవంటోంది."

చాదస్తం చేతిలో పని ఆపి తలెత్తాడు. "నొక్కాక మళ్లీ ఏమైనా ఫోటోలు తీశావా అమ్మా?"

"లేదు. భయమేసి కట్టేశాను."

"బతికించావు. పుస్తకంలో మొదట విషయసూచిక ఉంటుంది చూడు, ఇప్పుడు చిరిగింది అదే. పేజీలు ఇంకా ఉండొచ్చు. కొత్తవి తీసుంటే వాటిమీదే రాసేసేది, అప్పుడు నా చేతుల్లో ఏమీ ఉండేది కాదు."

ఆ అమ్మాయి కూర్చోమన్నా కూర్చోలేదు. ఎనిమిది నెలల కిందట బండి ప్రమాదంలో భర్త పోయాడు, ఆయన ఫోనూ ఆయనతోనే నుజ్జయింది. కెమెరా ఎప్పుడూ ఆయన చేతిలోనే ఉండేది కాబట్టి ఫోటోల్లో అందరూ ఉన్నారు, ఆయన ఒక్కడే లేడు. ఈవిడ తీయబోతే సిగ్గుపడి అరచెయ్యి అడ్డం పెట్టేవాడట.

"పెళ్లి ఫోటోల్లో మీసాలు లేవు. ఈయనెవరో మామయ్య అంటుంది మా పాప. ఆఫీసు కార్డుమీది బొమ్మ పెద్దది చేయించి గోడకి పెడితే, ఇది నాన్న కాదు, తీసెయ్యి అంది. నాలుగేళ్లది. మొన్న అన్నం పెడుతుంటే, అమ్మా నాన్న మొహం నాకు రావట్లేదు అంది బాబాయిగారూ. ఎప్పుడో ఒకసారి దాని చేతికి కెమెరా ఇచ్చి ఉంటారు కదా. ఒక్కటి దొరికినా చాలు."

చీటీ రాస్తున్న భార్య కలం ఆపేసింది.

చాదస్తం పనిలోకి దిగాడు. ముందు కార్డు పక్కనున్న తాళం మీట చూశాడు, అది బాగానే ఉంది. వెనకవైపు రాగిరంగు పట్టీలు నల్లబడ్డాయి. పెన్సిలు రబ్బరుతో మెల్లగా రుద్ది, పొడి గుడ్డతో తుడిచాడు. కెమెరాలో పెట్టకుండా రీడర్‌లో పెట్టి కంప్యూటర్‌కి తగిలించాడు. కార్డు పలికింది. పోయినవాటిని వెతికే ప్రోగ్రాం నడిపించి, గంట తర్వాత తెరని ఆ అమ్మాయివైపు తిప్పి, తాను గోడకేసి తిరిగి కూర్చున్నాడు. ఒకరి ఇంటి ఫోటోలు చూడకూడదన్నది ఆయన ఇంకో నియమం.

ఆరువందల పన్నెండు ఫోటోలు వచ్చాయి. ఆ అమ్మాయి ఒక్కొక్కటీ చూసింది. నవ్వింది ఒకచోట. "ఇది మొదటిసారి నడిచిన రోజు," అంది. తర్వాత చాలాసేపు మౌస్ చప్పుడే వినిపించింది, ఆఖరికి అదీ ఆగిపోయింది.

"లేరు," అంది. "ఒకచోట నీడ ఉంది, అంతే."

చాదస్తం కెమెరాని చేతిలోకి తీసుకుని తిప్పాడు. అడుగున స్క్రూ తలమీద వెలిసిపోయిన ఎర్రచుక్క కనిపించింది.

"ఇది మన దగ్గరికి వచ్చిందే," అన్నాడు.

భార్య పాత చీటీల కట్ట ముందేసుకుంది. ఆవిడ ఆవులిస్తే పేగులు లెక్కపెట్టే రకం, చీటీ దొరకడానికి ఎంతోసేపు పట్టలేదు. "ఏడాదిన్నర కిందట. షట్టరు ఇరుక్కుంది. పొడుగాటాయన, హెల్మెట్ చంకలో పెట్టుకుని నిలబడ్డాడు. గుర్తొచ్చాడు."

"అప్పుడూ ఇదే కార్డా అమ్మా?"

"కొన్నప్పటినుంచీ ఒకటే కార్డు."

అంటే ఆ రోజు బల్ల అవతల నిలబడ్డ ఆయన్ని చాదస్తం ఫోటో తీశాడు. తీసి, తన చేత్తోనే చెరిపేశాడు. ఇన్నేళ్లుగా మురిసిపోయిన తన శుభ్రతమీద ఆయనకి మొదటిసారి అసహ్యం వేసింది.

"ఆశ పెట్టుకోకు," అన్నాడు. "చెరిపినదాని చోటులో తర్వాతి ఫోటోలు కూర్చుంటాయి. మూలమూలలా ఇంకోసారి వెతుకుతాను. రెండు గంటలు పడుతుంది. దొరికితే నీ అదృష్టం, దొరక్కపోతే నా పాపం."

ఆ అమ్మాయి షాపుకి ఫోన్ చేసి, ఈ పూట రానని చెప్పింది. భార్య టీ తెచ్చి ఇచ్చింది.

మధ్యాహ్నానికి గోడ గడియారం దొరికింది. పైన సగమే ఉంది, మిగతాదంతా బూడిదరంగు. చాదస్తం దాని తర్వాతది తెరిచాడు. గోడకేసి తిరగాలన్న సంగతి మర్చిపోయాడు.

మెడదాకా ఉంది. చొక్కా కాలరు కిందనుంచి తర్వాతి ఫోటోలు తినేశాయి. కానీ ముఖం మొత్తం ఉంది. అరచెయ్యి అడ్డం పెట్టే సమయం కూడా దొరకనట్టు, పక్కకి చూస్తూ పగలబడి నవ్వుతున్నాడు.

"నన్ను చూసే," అంది భార్య, కళ్లు తుడుచుకుంటూ. "మీ ఆవిడ చేతికి కెమెరా ఇస్తేగానీ మీరు ఫోటోలో పడరు బాబూ అన్నాను. వచ్చిన ప్రతి మగాడితోనూ అంటాను ఆ మాట. ఈయనొక్కడే నవ్వాడు."

ఆ అమ్మాయి తెరకి దగ్గరగా వచ్చి వేలుపెట్టి చూపించింది. "ఈ వంకరపన్ను," అంది. "ఇది నేనూ మర్చిపోయాను." అప్పుడు కూర్చుంది, కూర్చుని ఏడ్చింది. వాళ్లిద్దరూ ఆపమనలేదు.

మర్నాడు సాయంత్రం ఫోటో తీసుకోవడానికి పాపని వెంటబెట్టుకుని వచ్చింది. చాదస్తం బూడిదభాగం కత్తిరించి, ముఖం వరకూ ప్రింటు వేయించి ఉంచాడు. పాప దాన్ని రెండుచేతులా పట్టుకుని చాలాసేపు చూసింది.

"నాన్న," అంది. తర్వాత ఫోటో అడుగుభాగం తడిమి, "కాళ్లేవి తాతా?" అని అడిగింది.

చాదస్తం బల్లమీద చెయ్యి వేశాడు. "ఇదిగో, ఈ బల్ల అడ్డమొచ్చింది తల్లీ. నాన్న దీనికి అవతల నిలబడ్డాడు."

"ఎక్కడ?"

"నువ్వున్నచోటికి కొంచెం ఇటు."

పాప ఒక అడుగు జరిగి, కిందికి వంగి తన కాళ్లు చూసుకుంది. "ఇక్కడా?"

"అక్కడే."

అక్కడినుంచి ఇక కదల్లేదు. చాదస్తం పాత ఫోటోలన్నీ తిరిగి ఎక్కించిన కార్డుని కెమెరాలో పెట్టి, ఎప్పటిలాగే గోడ గడియారాన్ని ఒకటి, బల్ల అవతల పైకి కనిపిస్తున్న రెండు కళ్లనీ జుట్టునీ ఒకటి తీశాడు. గడియారాన్ని చెరిపేశాడు. రెండోదాన్ని ఉంచేసి, కెమెరా పాప చేతికిచ్చాడు.