వియన్నా ఆయన మెచ్చుకున్న ఇల్లు

వెనిస్‌లో ఇల్లు అమ్మాలంటే మంచి రోజు చూడనక్కర్లేదు, ఆటుపోట్ల పట్టిక చూస్తే చాలు. మా వంటింటి గోడకు వేలాడే పట్టిక ప్రకారం ఆ బుధవారం పదకొండు నుంచి మూడు దాకా సముద్రం బుద్ధిగా ఉంటుంది. అందుకే వియన్నా నుంచి వచ్చిన రైండ్ల్ గారిని పదకొండుకు రమ్మన్నాను.

నీళ్లు రాని వేళ పిలిచి ఇల్లు చూపించడం మోసం కదా అని మా ఆయన డానీలో గొణిగాడు. పెళ్లిచూపులకు అందరూ తల దువ్వుకునే వస్తారని గుర్తుచేశాను.

పందొమ్మిదేళ్లుగా మేం ఉంటున్నది కాలువ పక్కన, కింది వాటాలో. వంతెన అవతల, గట్టి నేల మీదున్న మెస్ట్రేలో నాలుగో అంతస్తులో ఒక ఇల్లు చూసుకున్నాం. లిఫ్టు ఉంది. గోడ మీద చెయ్యి పెడితే చెయ్యి పొడిగానే ఉంటుంది. ఆ యజమాని సాన్ మార్టీన్ పండుగ దాకా ఆగుతానన్నాడు. మా వైపు ఇళ్లు మారేవాళ్లు ఆ రోజే మారతారు. పండుగకు ఇంకా ఆరు రోజులు. అంతకు ముందు మా ఇల్లు చూసిన నలుగురూ గడపలోనే గాలి పీల్చి, ఆలోచించి చెబుతామని వెళ్లి, ఇంకా ఆలోచిస్తూనే ఉన్నారు.

గోడ మీద మోకాలెత్తున నీళ్లు వదిలిపోయిన ఉప్పు గీతకు సున్నం వేశాను. సున్నం ఒప్పుకోని చోట అల్మరా జరిపాను. రబ్బరు బూట్లు మంచం కిందికి తోశాను. ఇదంతా మా అత్తగారు ఎల్దా మంచం మీద పేకముక్కలు పరుచుకుంటూ చూశారు.

"వెళ్లవే, వెళ్లి ఆ నాలుగో అంతస్తులో పావురాలతో కాపురం చెయ్యి," అన్నారు. "నేను మాత్రం ఇక్కణ్ణుంచి పడవలోనే వెళ్తా, పడుకుని."

శ్మశానం ఉన్న దీవికి వెళ్లే పడవ సంగతి అది. ఆవిడ ఏడాదికి రెండు మూడుసార్లు దాన్ని పిలుస్తారు. అది రాదు.

రైండ్ల్ గారు సన్నగా, పొడుగ్గా ఉన్నారు. కాళ్లకు ఖరీదైన తోలు బూట్లు, చేతిలో నల్ల అట్ట పుస్తకం. పత్రికలకు ప్రయాణాల గురించి రాస్తారట. ఏడాదికి ఆరునెలలు ఉండి రాసుకోవడానికి ఇల్లు కావాలట. మా ఇటాలియన్‌ను మాకంటే శుభ్రంగా, ఒక్కొక్క మాటనూ కడిగి ఆరబెట్టినట్టు మాట్లాడారు. పెచ్చులూడిన గోడను మెచ్చుకున్నారు. కిటికీలోంచి వచ్చే వాసనను నిండుగా పీల్చి చరిత్ర అన్నారు. అది పక్కింటివాళ్ల తూము అని చెప్పబోయి, కాఫీ ఇచ్చాను.

కాగితాలు ఎప్పుడు రాసుకుందామని ఆయన అడుగుతుండగా సైరన్ మోగింది.

పట్టికలో చంద్రుడి లెక్క ఉంటుంది, దక్షిణపు గాలి లెక్క ఉండదు. ఆ గాలి పొద్దుటినుంచీ వీస్తూనే ఉంది. ఆరేసిన దుప్పట్లు ఉత్తరానికి ఎగురుతుంటే చూసి కూడా, సున్నం తొందరగా ఆరుతుందని సంతోషించాను. ఈ ఊళ్లో పుట్టినదాన్ని.

సైరన్ తర్వాత, నీళ్లు ఎంతెత్తు వస్తాయో తెలియడానికి కూతలు లెక్కపెట్టుకుంటాం. ఒకటైతే చెప్పులు తీసెయ్యాలి. రెండైతే బూట్లు వేసుకోవాలి. మూడైతే ఫ్రిజ్ ఎత్తాలి. రేడియో గట్టిగా పెట్టి, రెండో కూత మీద దగ్గాను. మూడోది వినబడనే వినబడింది. ఏమిటది అని ఆయన అడిగారు. ఎవరో సాధన చేస్తున్నారని చెప్పాను.

ఆ అబద్ధం నిలబడేదేమో. కానీ డానీలో లేచి, తలుపు వెనక నుంచి ఇనప పలక తీసి, గడప దగ్గరి గాడుల్లో దించి బిగించేశాడు.

"ఏం చేస్తున్నావ్?" అన్నాను పళ్లు బిగించి.

"చెయ్యి ఊరుకోలేదే," అన్నాడు పాపం.

పలక బిగిస్తే బయటి నీళ్లు లోపలికి రావు. లోపలి మనుషులు బయటికీ పోలేరు. కింది నుంచి ఊరే నీళ్లకు మాత్రం పలకతో పని లేదు. పావుగంటలో నేల పలకల సందుల్లోంచి చల్లగా వచ్చాయి. రైండ్ల్ గారిని బల్ల మీద కూర్చోబెట్టాం. ఆయన బూట్లను అల్మరా మీద పెట్టాం.

ఆ తర్వాత నా చెయ్యి కూడా ఊరుకోలేదు. తివాచీ చుట్టి పైన పడేశాను. కింది సొరుగులు పై సొరుగుల మీదికి ఎక్కించాను. ఫ్రిజ్‌ను డానీలో ఎత్తితే కింద ఇటుకలు పెట్టాను. పన్నెండయింది కాబట్టి బూట్లేసుకుని, పావడా ఎగదోపి, నీళ్లలో నిలబడి మొక్కజొన్న పిండితో పొలెంటా కలిపాను. అత్తగారు ముక్కలు వేస్తూ, దక్షిణపు గాలిని కనిపెట్టలేని కోడలు దొరకడం తన తలరాత అన్నారు. మంచం కాళ్లు కోసేస్తే గాలి మీకే ముందు తెలుస్తుందన్నాను. ఆవిడ నవ్వారు, నేనూ నవ్వాను. ఏడవడానికి కూర్చునే చోటైనా ఉండాలి కదా.

ఇక దాచడానికి ఏముంది. ఏడాదికి ఆరేడుసార్లు ఇంతేననీ, అల్మరా వెనక ఏముందో, చలికాలంలో దుప్పట్లు ఎలా ఆరవో, నా మోకాళ్లు ఎలా సలుపుతాయో అంతా చెప్పాను. ఆయన బల్ల మీద బాసింపట్టు వేసుకుని, వెనిగర్ ఉల్లిపాయల్లో నానిన చేపలు తింటూ, ఒక్క మాట పోకుండా రాసుకున్నారు. అలా నాలుగు గంటలు. వెళ్లిపోతానని ఒక్కసారీ అనలేదు. నాకు ఆశ పుట్టింది.

నీళ్లు దిగాక మంచినీళ్లతో నేల కడిగాం. ఆయన కూడా చీపురు పట్టారు. పలక తీశాక గడపలో నిలబడి, కళ్లు చెమర్చి, నా రెండు చేతులూ పట్టుకున్నారు.

"సిన్యోరా, ఈ ఇల్లు నేను కొనలేను. మీలాంటి వాళ్లు వెళ్లిపోతే ఈ ఊళ్లో ఇంకేం మిగులుతుంది? నేను కొంటే వెనిస్‌ను చంపినవాణ్ణవుతాను."

"చంపండి," అన్నాను. "మాకేం అభ్యంతరం లేదు."

ఆయన పెద్దగా నవ్వి, పుస్తకం తెరిచి, అది కూడా రాసుకున్నారు.

సాన్ మార్టీన్ నాడు ఎదురింటివాళ్ల సామాను పడవలో మా కిటికీ కింది నుంచే వెళ్లింది. కుర్చీలు కాళ్లు పైకెత్తుకుని వెళ్లాయి. మెస్ట్రే ఇల్లు ఎవరో కళ్లజోళ్ల దుకాణం ఆయనకు పోయింది.

వసంతంలో తపాలాలో పత్రిక వచ్చింది. మందుల షాపులో ఉండే ఆన్నలీసా జర్మన్ చదివి చెప్పింది. మోకాళ్ల దాకా నీళ్లలో నవ్వుతూ వండే స్త్రీ అట నేను. చేప నీళ్లకు దూరమై బతకనట్టే ఈమె మరో చోట బతకలేదట. మోకాళ్ల నొప్పి గురించి ఒక్క ముక్క లేదు. మా వీధి పేరు మాత్రం స్పష్టంగా ఉంది. అత్తగారు ఆ పేజీకి ఫ్రేము కట్టించి, అల్మరా పక్కకు జరిపించి, సున్నం ఒప్పుకోని ఆ మరక మీదే తగిలించమన్నారు. కొలతకు సరిగ్గా సరిపోయింది.

ఇప్పుడు మధ్యాహ్నాలు మా కిటికీ దగ్గర జనం ఆగుతారు. పత్రిక తెరిచి నన్నూ దాన్నీ మార్చిమార్చి చూసుకుంటారు. కిటికీ మూస్తే గోడకు బూజు పడుతుంది, మూయడానికి వీల్లేదు. నిన్న ఒకావిడ ఫోటో తీసుకోవచ్చా అని సైగ చేసింది. పొలెంటా మాడుతోంది, గరిటె ఆపకూడదు. తీసుకోమన్నాను. నేలకేసి వేలు చూపించి, నీళ్లేవీ అన్నట్టు చేతులు తిప్పింది.

గోడ మీది పట్టిక చూశాను. గురువారం రమ్మన్నాను.