పడుగు కింద నిద్ర

గుట్ట నీడ వాకిట్లోకి దిగుతోంది.

నల్లని నీడ. మెల్లని నీడ. ముందు సీతాఫలం చెట్టును తాగింది. తర్వాత గోలెంలోని నీళ్లను. తర్వాత గడపను.

ఆ రోజు మా ఇంట్లో మగ్గం చప్పుడు లేదు.

అమావాస్య. మా వాడలో అమావాస్యనాడు ఎవరూ నేయరు. తాతల నాటి కట్టుబాటు.

మగ్గానికి నిలువుగా సాగిన నీలి పోగుల పడుగు కింద, చాప మీద, నా బిడ్డ కళ్లు మూసుకొని పడుకుంది.

నిద్ర కాదు. నటన.

ఆమెను లేపే వేళను మేం పోగొట్టుకున్నది ఆ రోజే. అప్పుడు తెలియలేదు.

మా దీప్తికి చీకటి కథల సినిమాలంటే ప్రాణం. ఫోనులో చూసేది, తెలుగు మాటలు పెట్టినవి. విషం నిండిన పండు. తోడేలు తిరిగే అడవి. కదురు గుచ్చుకొని నూరేళ్లు నిద్రపోయిన రాజకుమారి. చిన్నప్పుడు నేను మెత్తగా చెప్పిన కథలే... ఆ సినిమాల్లో వాటికి గోళ్లుండేవి. నెత్తురుండేది.

భయం వేయదా అని అడిగాను ఒకసారి.

"భయపడేది గా పిల్లనే గదమ్మా. నేను ఆమెకు తోడున్న."

మా ఆయన సిద్దిరాములు మగ్గం గుంటలోంచే వినేవాడు. చేతులు ఆగేవి కావు.

"కదురు గుచ్చుకుంటే నూరేండ్లు పంటదా? మీ నాయినమ్మకు రోజూ గుచ్చుకునేది. లేసి కోడికూర వండేది."

"నాయినమ్మ రాజకుమారి గాదు నాయినా."

"గదే అంటున్న. రాజకుమారంటే పనిదొంగ."

ఒకరోజు తనే సినిమా తీస్తానంది. ఫోను పట్టేది స్నేహితురాలు వర్షిత. పడుకునేది తను.

అడవి లేదు. కోట లేదు. రక్కసి వేషం వేసే మనిషి లేదు.

గుట్ట ఉంది.

పొద్దు వాలితే దాని నీడ ఇంట్లోకి వస్తుంది. అదే రక్కసి. నూలు కండెలు చుడుతున్న నేతపిల్లను తాకుతుంది. పిల్ల నిద్రలోకి జారుతుంది. పడుగు ఆమె మీద ముళ్లకంపలా అల్లుకుంటుంది.

రాజకుమారుడు ఎప్పుడొస్తాడు అని వర్షిత అడిగింది.

"రాడే. రామన్నపేట దాకా వచ్చి తొవ్వ తప్పుతడు."

మరి లేపేదెవరు?

మగ్గం.

నాయిన మగ్గం కొట్టాలి. ముఖం మీద పోగులు వణకాలి. పిల్ల కళ్లు తెరవాలి. చేత్తో పోగులను పక్కకు జరపాలి. లేవాలి.

ఆ అమావాస్యనాడు నిద్రపోయే సీను బాగా వచ్చింది. నీడ సరిగ్గా వేళకు వచ్చి, ఆమె పాదాలను తాకింది. ఇక లేవడమే.

"ఒక్కసారి కొట్టు నాయినా. ఒక్కటే సారి."

"అమాస బిడ్డా. మగ్గం ముట్టద్దు. రేపు గీ యాళ్లకే కొడ్త. అప్పుడు లేద్దువు."

చప్పుడు తర్వాత అతికించుకోవచ్చంది వర్షిత. పక్కవాళ్ల మగ్గం చప్పుడైనా సరేనంది.

"దొంగ చప్పుడుకు ఎవ్వరు లేస్తరే?"

దీప్తి నవ్వుకుంటూ పడుగు కింద నుంచి పాకి వచ్చింది. జుట్టుకు నీలి పోగు ఒకటి అంటుకొని ఉంది. నేనే తీశాను.

మరునాడు జ్వరం.

తర్వాత నల్గొండ దవాఖాన. గాజు తలుపు. దాని ఇవతల మేం.

ఆ వారం దాటలేదు. ఇంతకు మించి రాయలేను.

మైల రోజులు గడిచాయి. నేను పాఠాలు చెప్పే బడికి వెళ్లాను. ఆయన పక్కవాడలో ఇంకొకరి మగ్గం మీద కూలికి నేయడం మొదలుపెట్టాడు. మా ఇంటి మగ్గం జోలికి పోలేదు. పడుగు అట్లాగే సాగి ఉంది. దాని పక్కన సాలెపురుగు తన పడుగు వేసుకుంది.

నెలనెలా చంద్రుడు తరిగాడు. పెరిగాడు. మళ్లీ తరిగాడు.

అమావాస్యనాడు వాడంతా నిశ్శబ్దం. ఆ ఒక్క రోజే మా ఇల్లు అందరి ఇళ్లలా ఉంటుంది.

మొన్న బడి విడిచాక వర్షిత నా వెనకే వచ్చింది.

"టీచర్... ఆమెను ఎప్పుడు లేపుదాం?"

నేను ఆగిపోయాను.

"ముఖం అక్కర లేదు టీచర్. చెయ్యి ఒక్కటి చాలు. మీ చెయ్యి అచ్చం గట్లనే ఉంటది."

నా చేతిని చూసుకున్నాను. సుద్ద అంటిన వేళ్లు. చూపుడు వేలు కొంచెం వంకర. అవును... నా బిడ్డకూ అంతే.

ఆ మాట ఆయనకు చెప్పాను.

ఇవాళ ఆయన గుట్ట నీడ కంటే ముందే ఇంటికి వచ్చాడు. కాళ్లు కడుక్కున్నాడు. భుజం మీది తువ్వాలతో మగ్గం దుమ్ము తుడిచాడు. సాలెగూటిని మాత్రం తుడవలేదు. గుంటలోకి దిగి కూర్చున్నాడు.

అమావాస్య కాదు. వర్షిత క్యాలెండర్ చూసే వచ్చింది.

నేను చాప పరుచుకున్నాను. పడుగు కింద పడుకున్నాను. మొదటిసారి కింద నుంచి చూశాను... నీలి పోగులు. పోగుల మధ్య సన్నని వెలుతురు. వెలుతురు వెనక ఇంటి దూలం.

నా బిడ్డ చూసింది ఇది.

ముళ్లకంపలా లేదు. వానలా ఉంది.

వర్షిత ఫోను పట్టుకుంది. చేయి పైకెత్తి, పోగుల కింద ఉంచాను.

వాడలో అన్ని మగ్గాలూ ఆడుతున్నాయి. టక్... టక్... ఆ చప్పుడు గోడ దాటి వస్తూనే ఉంది.

మాది కాదు.

"వసంతా." గుంటలోంచి ఆయన నన్ను పిలిచాడు.

"ఊఁ."

"కొడితే... సినిమా అయిపోతది గదా."

తరగతిలో అయితే, జవాబు తెలియని ప్రశ్నకు రేపు చెబుతానంటాను. దీనికి జవాబు తెలుసు.

"అయిపోతది."

వర్షిత ఫోను దించలేదు.

గుట్ట నీడ వాకిట్లోకి దిగింది. సీతాఫలం చెట్టును తాగింది. గోలెంలోని నీళ్లను తాగింది. గడప దాటి, నా పాదాల మీదికి వచ్చింది. చల్లగా ఉంది.

ఆయన చేయి, లాగితే మగ్గం ఆడే తాడు మీద ఉంది. నా చేయి పోగుల కింద ఉంది.

లేచే సీను ఇంకా తీయలేదు.