కుడి రెండు

కారు మీద కప్పిన గుడ్డ లాగగానే షెడ్డులో ఉన్న నలభై మందీ ఒక్కసారి ఊపిరి బిగబట్టారు. నేను మాత్రం బాబాయి ఎక్కడున్నాడా అని వెతికాను. వెనక తలుపు దగ్గర, ఎవరికీ అడ్డం కాకుండా, చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు.

ముప్పై ఏళ్ళ కిందటి మా ర్యాలీ కారే. అదే పెట్టె ఆకారం, అదే తెలుపు, తలుపు మీద అదే నలభై ఒకటి అంకె. లోపల మాత్రం అంతా కొత్తది. రేకు బదులు కార్బన్ ఫైబరు, పాతదానికి రెట్టింపు బలమున్న ఇంజను. ధర వింటే వీధి మొత్తం కొనెయ్యచ్చు అనిపిస్తుంది.

"అన్నీ బాగున్నాయండీ, మరి పాతదాని ఆత్మ ఏదీ?" అన్నాడు అభిమానుల సంఘంలో మేం 'పాత ఇనుము' అని పిలుచుకునే ఆయన. "ఆ పెట్రోలు వాసన, ఆ గియరు మొరాయింపు, అవి లేకపోతే ఇది బొమ్మ."

"గియరు మొరాయిస్తే ఆత్మా? ఆ ఆత్మను నమ్ముకునే కదా సగం దూరం తోసుకుంటూ పోయేవాళ్ళు!" అన్నాడు పక్కాయన.

"ఇంత పోసి కొన్నవాడు దీన్ని బురదలోకి దించుతాడా? చెప్పండి నాకు. గాజుగదిలో పెట్టుకుని చుట్టాలకి చూపించుకుంటాడు," అన్నాడు పాత ఇనుము.

పాత ఒక రోత, కొత్త ఒక వింత అనేవాళ్ళు కొందరు, దాన్ని తిరగేసి చెప్పేవాళ్ళు కొందరు. వాళ్ళలో ముప్పావు మంది ఆ పాత కారులో ఒక్కసారి కూడా కూర్చోలేదు. అభిప్రాయానికి లైసెన్సు అక్కర్లేదు కదా.

కారు తయారుచేయించిన కంపెనీ ఆయన చెయ్యెత్తి అందర్నీ ఊరుకోబెట్టాడు. "మేం అచ్చు దించడం ఒక్కటే కాదు, తప్పు కూడా దిద్దాం. పాతదానికి వెనక చక్రాన్ని పట్టి ఉంచే ఆర్ము ఒకే బోల్టు మీద ఆధారపడేది. అది ఊడే క్వారీ మలుపు దగ్గర మన చాంపియన్ లోయలో పడ్డారు. ఇప్పుడు మూడు బోల్టులు. మధ్యలో రబ్బరు తీసేసి ఉక్కు పెట్టాం. ఇక ఊడమన్నా ఊడదు."

ఆ చాంపియన్ మా అన్నయ్య. కంపెనీ ఆయన పక్కనే కర్ర పట్టుకుని నిలబడి తలూపాడు. తుంటి ఎముక విరిగిన దగ్గర్నుంచీ ఆ కర్ర ఆయన మూడో కాలు. ఆ వెనక ఆర్ము బిగించిన మెకానిక్ మా బాబాయి. కారు పడిన రోజు నుంచి అన్నయ్య ఆయనతో మాట్లాడలేదు. ర్యాలీ వాళ్ళెవరూ ఆయనకి మళ్ళీ బండి ఇవ్వలేదు. నీళ్ళ మోటార్లు బాగుచేసుకుంటూ బతికాడు.

ఇక నేను. అన్నయ్య పక్క సీట్లో కూర్చుని దారి చదివిన నావిగేటర్‌ని.

బాబాయి ముందుకొచ్చి, వంగి, కారు కింద చెయ్యి పెట్టి చూశాడు. "రబ్బరు తీయకుండా ఉండాల్సిందండీ. వెనక కాస్త ఆడనివ్వాలి. ఇంత బిగిస్తే గతుకుల్లో ఎగురుతుంది," అన్నాడు నెమ్మదిగా.

"బిగించడం గురించి మీరు చెప్పాలా పెద్దాయనా!" అన్నారెవరో. షెడ్డంతా నవ్వింది. అన్నయ్య నవ్వలేదు గాని ఆపనూ లేదు. బాబాయి చెయ్యి ప్యాంటుకి తుడుచుకుని మళ్ళీ తలుపు దగ్గరికి వెళ్ళిపోయాడు.

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, నా చెయ్యి సంచిలో ఉన్న పాత నోట్సు పుస్తకం మీదికి పోయింది.

ఆ రోజు ఆర్ము ఊడింది బాబాయి వల్ల కాదు. నా వల్ల.

ర్యాలీలో డ్రైవరు కళ్ళని నమ్మడు, పక్కవాళ్ళ గొంతుని నమ్ముతాడు. ముందే దారంతా తిరిగి ప్రతి మలుపుకీ అంకె రాసుకుంటాం. ఒకటంటే దాదాపు ఆగి తిరగాలి, ఆరంటే కాలు తియ్యకుండా పోవచ్చు. రెండు మలుపుల మధ్య దూరం మీటర్లలో రాస్తాం. ఆ రోజు వాన. తడిసిన కాగితాలు రెండు అతుక్కుని ఒక్కసారే తిరిగాయి. "కుడి ఐదు" అని చదివాను. అక్కడున్నది కుడి రెండు. అన్నయ్య నన్ను నమ్మి తొక్కాడు. వెనక భాగం జారి అంచు రాయిని గుద్దింది, కారు లోయలోకి పోయింది.

ఆసుపత్రిలో కళ్ళు తెరిచి అన్నయ్య అన్న మొదటి మాట, "కుడి ఐదులో వెనక జారింది, ఎందుకు?" అప్పటికే ఎవరో ఊడిపోయిన ఆర్ము తెచ్చి బల్ల మీద పెట్టారు. అందరూ దాన్నే చూశారు. నా వైపు చూసినవాళ్ళు లేరు. ఇవాళ చెబుతా, రేపు చెబుతా అనుకుంటూ ముప్పై ఏళ్ళు గడిపాను. పిరికితనానికి అంతకు మించి కారణమేమీ లేదు.

ఇప్పుడు కంపెనీ ఆయనకి ఆ కొండదారిలోనే, ఆ పాత జంటతోనే, ఆ పాత పుస్తకంతోనే వీడియో కావాలి. ఒంట్లో బాగాలేదని చెప్పి తప్పుకోవచ్చు. కానీ ఇంకొకరు ఆ పుస్తకం పట్టుకుంటే సరిగ్గా చదువుతారు, నా తప్పు బయటపడుతుంది. దానికన్నా నేనే చదవడం నయం అనుకున్నాను. నేను ఉన్నదున్నట్టు 'రెండు' అని చదివినా, ఆ ఒక్క అంకె తేడాని అన్నయ్య ముప్పై ఏళ్ళ తర్వాత పట్టించుకుంటాడా అని కూడా అనుకున్నాను.

హెల్మెట్ పెట్టుకుంటూ అన్నయ్య అన్నాడు, "భయపడకు చెల్లాయ్. ఆ మలుపు నాకు నిద్దట్లో కూడా తెలుసు. కుడి ఐదు. ఈసారి దాన్ని దాటి చూపిస్తా."

నేను బెల్టు బిగించుకుని పుస్తకం ఒళ్ళో తెరిచాను.

కారు కదిలింది. కొత్త ఇంజను జోరుకి నా గొంతు వెనకబడుతోంది. పాత కారులో ఒక మలుపు చదివి గుటక వేసే తీరిక ఉండేది. ఇందులో లేదు. "ఎడమ నాలుగు. యాభై. కుడి మూడు, లోపలికి కొయ్యకు." గతుకు వచ్చిన ప్రతిసారీ వెనక చక్రాలు నేల వదిలి మళ్ళీ పడుతున్నాయి. బాబాయి చెప్పినట్టే ఎగురుతోంది. అన్నయ్య స్టీరింగు సరిదిద్దుతున్నాడు, ఏమీ అనడం లేదు.

పేజీ చివరికి వచ్చాను. బొటనవేలు తడిచేసి కాగితం తిప్పాను. ఒక్కటే తిరిగింది. పైన నా రాతే: కుడి రెండు, ముడుచుకుంటుంది, బయట రాయి.

"ఎడమ ఐదు. వంద. కుడి రెండు, ముడుచుకుంటుంది."

"ఐదు," అన్నాడు అన్నయ్య.

"రెండు, అన్నయ్యా!"

"క్వారీ మలుపు ఐదే! నువ్వే చదివావు!" కాలు తియ్యలేదు. క్వారీ కోసిన రాతిగోడ దగ్గరికొస్తోంది. దాని వెనక ఏముందో కనిపించదు. పుస్తకంలో ఉన్నది ఒకటి, ఆయన తలలో ఉన్నది ఇంకొకటి. తలలో పెట్టింది నేనే.

"ఆ రోజు రెండు పేజీలు తిప్పాను!" అని అరిచాను. "తప్పు చదివాను! ఇది రెండు! ఆపు!"

బ్రేకు మీద పడ్డాడు. వెనక చక్రాలు గతుకు మీద ఎగిరి పక్కకు తిరిగాయి. బెల్టు భుజాన్ని కోసింది. గోడ, ఆకాశం, మళ్ళీ గోడ. కారు అడ్డంగా జారి, అంచు రాయికి జానెడు దూరంలో ఆగింది. ఇంజను ఆగిపోయింది. అద్దంలోంచి కింద లోయ కనిపిస్తోంది.

నేను ఏడుస్తున్నానని తర్వాత తెలిసింది.

"మరి బాబాయి?" అన్నాడు అన్నయ్య. అంతే అన్నాడు.

కొండ దిగి షెడ్డుకి వచ్చేసరికి అందరూ ఫోన్లు పట్టుకుని చుట్టుముట్టారు. "ఎలా ఉంది సార్? పాతదాని కంటే మేలేనా?" కంపెనీ ఆయన నవ్వుతూ చెయ్యి చాపాడు.

"వెనక ఎగురుతోంది," అన్నాడు అన్నయ్య. "పాతదానికి ఏ తప్పూ లేదు. మూడు బోల్టులూ పీకేసి రబ్బరు పెట్టండి." కంపెనీ ఆయన మొహం పాలిపోయింది. పాత ఇనుము చప్పట్లు కొట్టబోయి, అన్నయ్య చూపు చూసి ఆగిపోయాడు. "మిగతాది మా చెల్లి చెబుతుంది," అన్నాడు అన్నయ్య.

నలభై మందిలోంచి నడిచి తలుపు దగ్గరికి వెళ్ళాను. పుస్తకం తెరిచి బాబాయి చేతిలో పెట్టాను. అందరికీ వినబడేలాగే చెప్పాను: వాన, అతుక్కున్న కాగితాలు, కుడి ఐదు, ఆసుపత్రి బల్ల, నా మౌనం. ఒక్కటీ మిగల్చలేదు. క్షమించమని మాత్రం అడగలేదు.

బాబాయి కళ్ళద్దాలు తుడుచుకుని ఆ పేజీ రెండుసార్లు చదివాడు. తిడతాడనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"ఆ బోల్టు బిగించానని అందరికీ చెప్పానమ్మాయ్," అన్నాడు. "కానీ నాకు గుర్తు లేదు. ఎంత తలుచుకున్నా గుర్తు రాలేదు. పడుకుంటే చెయ్యి తిప్పి చూసుకునేవాణ్ణి." కుడి మణికట్టు గాల్లో తిప్పి చూపించాడు, స్పానరు పట్టుకున్నట్టే. "చేతికైనా గుర్తుంటుందేమోనని."

అన్నయ్య కర్ర చప్పుడు మా వెనక వచ్చి ఆగింది.

"కుడి రెండులో ఆ వేగానికి రాయిని గుద్దితే ఏ బోల్టయినా తెగుతుంది," అన్నాడు బాబాయి, మాతో కాదు, పుస్తకంతో. "తెగింది. ఊడలేదు."

ఇంకోసారి మణికట్టు తిప్పి చూసుకున్నాడు.

"అంటే బిగించాను," అన్నాడు.