థర్మామీటరు ఎక్కడ పెట్టాలి

దేశానికి వాతావరణ చట్టం వచ్చిన రోజున మా ఆయన సాయంత్రం ఐదింటికే ఇల్లు చేరారు. పెళ్లయిన పద్దెనిమిదేళ్లలో అంతటి విశేషం అదే మొదటిది. చట్టాలకు నిబంధనలు రాయడం ఆయన ఉద్యోగం. రోడ్లకు తారు వేయడం మా తమ్ముడి పని. ఆ పూట ఇద్దరూ మా వంటింటి బల్ల దగ్గర చేరారు.

"ఇక ఎండ హద్దు దాటిందంటే మీ పని ఆపాల్సిందే. మేస్త్రీ కాదు కదా, మంత్రి కూడా చేయించకూడదు," అన్నారు ఈయన.

"ఎప్పట్నుంచి బావా?"

"నిబంధనలు రాగానే."

"రాసేది నువ్వేగా? ఇప్పుడే రాసెయ్. అక్క టీ పెడుతుంది."

నిబంధనలు ఒక్కచోట ఆగాయి. ఎండను కొలిచే థర్మామీటరు ఎక్కడ పెట్టాలి? నీడలో అంది పర్యావరణ శాఖ. పనిచోట అంది కార్మిక శాఖ. ఫైలు ఈ మేడకీ ఆ మేడకీ నాలుగు నెలలు తిరిగింది. దానికి మాత్రం ఎండ తగల్లేదు లెండి, రెండు మేడల మధ్యా పైకప్పున్న దారి ఉంది.

వేసవి ముదిరింది. "బావా, నీ చట్టం నీడలో కునుకు తీస్తోందా?" అంటూ తమ్ముడు నా వంటింటి గోడ మీది థర్మామీటరు ఊడదీసుకుపోయాడు. రోజూ రెండింటికి దాన్ని రోడ్డు రోలరుకు తగిలించి, కనబడిన అంకెను నోటు పుస్తకంలో రాసేవాడు. నలభై తొమ్మిది. యాభై. యాభై ఒకటి.

"ఇది ఫైల్లో పెట్టు బావా. నీడ కొలత నీడలో కూర్చునేవాళ్లకి చాలని రాయి."

"అలా రాయకూడదురా."

"అయితే మర్యాదగా రాయి."

ఆయన నవ్వారు. ముప్పై రోజుల లెక్క పూర్తయ్యాక తెమ్మన్నారు. అరకొరగా ఉంటే ఫైలు వెనక్కి కొడతారట. "ఏ పనైనా పూర్తిగా చేయాలిరా," అని నేనూ వంతపాడాను.

ఇరవై మూడో రోజు మధ్యాహ్నం వాడు వేడి తారు పక్కనే కూలిపోయాడు. ఆసుపత్రి చేరేలోపే అంతా అయిపోయింది.

మర్నాడు రోలరు డ్రైవరు వచ్చి థర్మామీటరూ నోటు పుస్తకమూ నా చేతిలో పెట్టాడు. ఇరవై మూడో వరసలోనూ అంకె ఉంది. యాభై రెండు. చేతిరాత వాడిది కాదు.

"ఒక్కరోజు తప్పినా పనికిరాదని అనేవాడమ్మా. అందుకే నేను రాశా," అన్నాడు.

మా ఆయన ఆ ఇరవై మూడు రోజులే ఫైల్లో పెట్టారు. ఎవరూ వెనక్కి కొట్టలేదు. పదకొండు రోజుల్లో నిబంధనలు వచ్చేశాయి. కొలత పనిచోటే, ఎండలోనే. ఆ కాగితం బల్ల మీద పెట్టి ఆయన నిలబడే ఉన్నారు.

"టీ పెట్టనా?" అన్నాను.

"అరకొర అన్నానే," అన్నారు. "వాడితో."

నేను థర్మామీటరును పాత మేకుకే తగిలించాను. ముప్పై ఒకటి. మా వంటింట్లో ఎప్పుడూ అంతే. గాజు మీద తారు వేలిముద్ర ఒకటి ఎండిపోయి ఉంది. ఇంట్లో ఏ మరకనూ బతకనివ్వనని చుట్టాల్లో నాకు పేరు. దాని జోలికి పోలేదు.