పగులు మీద కాపలా

నేను ఒక గాజు ముక్కను. జానెడు పొడవు, రెండు వేళ్ల వెడల్పు. ఇంతోటి దానికి పగేమిటని మీకు నవ్వు రావచ్చు. ముందు నా సంగతి వినండి, తరవాత నవ్వుదురుగాని.

ఏ కొలిమిలో కరిగి పుట్టానో గుర్తులేదు. ఊహ తెలిసేసరికి విశాఖ వన్‌టౌన్‌లో ఒక దర్జీ ఇంటి కిటికీకి అద్దంగా ఉన్నాను. నలభై ఏళ్లు ఆయన కుట్టు మిషను మీద వెలుతురు పడేలా చూసుకున్నాను. ఒకరోజు త్రినాథరావు అనే మున్సిపల్ ఇంజనీరు వచ్చి, గోడను తట్టయినా చూడకుండా 'శిథిలం' అని రాసుకుపోయాడు. నెల తిరక్కుండా ఇల్లు నేలమట్టమైంది. ఆ స్థలంలో ఇప్పుడు అయిదంతస్తులు లేచాయి. కట్టించింది త్రినాథరావు బావమరిది. దర్జీ కుటుంబం ఎటు పోయిందో తెలియదు. నన్ను పాతసామాన్లవాడు అద్దాలు కోసే కొట్టుకు అమ్మేస్తే, అక్కడ నిలువునా ముక్కలుగా కోశారు. ఆరోజే ఆ ఇంజనీరు పేరు మనసులో రాసిపెట్టుకున్నాను.

ఇంతలో నగరపాలక సంస్థకు జ్ఞానోదయమైంది. పాత పేటలను కూల్చడం కాదు, బాగుచేసి నిలబెట్టాలని ఒక పథకం పెట్టారు. గోడ మీది పగులుకు అడ్డంగా ఒక గాజు ముక్కను అతికిస్తారు. గోడ కదులుతుంటే గాజు ఆ పగులు వెంటే విరుగుతుంది. తొంభై రోజులు విరగకపోతే ఇంటికి సర్కారే మరమ్మతు చేయిస్తుంది. విరిగితే కూల్చివేతే. అలా వరహాలమ్మ ఇంటి గోడకు నన్ను అతికించారు. అతికించింది ఎవరనుకున్నారు? సాక్షాత్తూ త్రినాథరావే. ఆయన నన్ను గుర్తుపట్టలేదు. నేను పట్టాను.

వరహాలమ్మ ఆ ఇంటి అరుగు మీదే ఇడ్లీలు వేసి అమ్ముకునే మనిషి. ఇల్లు పోతే ఆమెకు పొయ్యి పెట్టుకునే చోటయినా ఉండదు. రోజూ స్నానం చేసి వచ్చి నా నడుము మీద, సరిగ్గా పగులున్న చోట, కుంకుమ బొట్టు పెట్టేది.

"ఇరిగిపోకు తల్లీ. నువ్విరిగితే నా బతుకిరిగిపోద్ది" అనేది.

గాజు ముక్కకు దణ్ణం పెట్టే మనిషిని చూసి మొదట నవ్వుకున్నాను. పది రోజులయ్యాక ఆ నవ్వుకు నాకే సిగ్గేసింది.

ఎనభై ఎనిమిదో రోజున త్రినాథరావు వచ్చాడు. నా మీద వెంట్రుకవాసి గీత కూడా లేదు. ఆయన మొహం మాడిపోయింది. "కాసిని మంచినీళ్లు తేమ్మా" అని ఆమెను లోపలికి పంపి, బండి తాళంచెవితో నా నడుము మీద ఒక్కటి కొట్టాడు. పంటి బిగువున ఓర్చుకున్నాను. మళ్లీ కొట్టాడు. ఈసారి చెయ్యి జారి దెబ్బ నా చివర తగిలింది. అక్కడ పుటుక్కున విరిగాను. ఆయనకు అది చాలు. హడావుడిగా ఫొటో తీసి రిపోర్టుకు జతచేశాడు.

వారం తరవాత, కూల్చేముందు, కమిషనరమ్మ ఎదుట విచారణ. వరహాలమ్మ ఆ ఫొటోను కళ్లకు దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూసింది.

"అమ్మా, ఇదుగో, పగులు మీద నాను పెట్టిన బొట్టు. బొట్టు కాడ గాజు నిచ్చేపంగా ఉంది. ఇరిగింది ఇటు సివర. గోడ కదిలితే పగులు కాడ ఇరగాల గానీ, సివరెందుకిరుగుద్ది? ఈ బాబు నన్ను నీల్లకి పంపినాక టక్కుటక్కుమని రెండు సప్పుల్లు ఇన్నాను."

"గాజు నాణ్యత సరిగ్గా లేదు మేడమ్" అన్నాడు త్రినాథరావు.

నా నాణ్యత గురించి ఆయన మాట్లాడటం! వరహాలమ్మ ఇంటికొచ్చి అంతా చెబితే ఒళ్లు మండిపోయింది. కమిషనరమ్మ నన్ను పదిలంగా ఊడదీయించి తెప్పించారు. నా నడుము మీద తాళంచెవి గాటు అందరికీ కనిపించింది.

వరహాలమ్మ గోడకు మరమ్మతు జరిగింది, ఇంటికి కొత్త పెంకులూ పడ్డాయి. త్రినాథరావు సస్పెండయ్యాడు. ఆయన 'శిథిలం' అని రాసిన ప్రతి ఇంటి ఫైలూ తిరగదోడుతున్నారు. నన్ను సాక్ష్యంగా సీలు వేసిన కవరులో ఉంచారు. వాయిదా వచ్చినప్పుడల్లా బయటికి తీసి ఆయన ముందు పెడతారు. ఆయన తల తిప్పుకుంటాడు. నాకు తిప్పుకోవడానికి తల లేదు, చూస్తూనే ఉంటాను.

వచ్చే నెలలో ఆయనకు రిటైర్మెంటట. నాకు అలాంటిదేమీ లేదు.