గంటకి నలభై ఐదు రూపాయలు

నేను ఒక గోడ గడియారాన్ని. ప్లాస్టిక్ చట్రం, తెల్లటి ముఖం, ఒక బ్యాటరీ. ఇంతే నా ఆస్తి. ఇంత చిన్న ఒంట్లో ఇంత కోపం ఎలా పట్టిందని మీకు అనిపించవచ్చు. పదేళ్ళుగా ఒక ఆడమనిషి గంటలు ఎలా పోతున్నాయో సెకన్లతో సహా చూసినదాన్ని నేను. కోపం రాకపోతేనే ఆశ్చర్యం.

నాది గొప్ప పుట్టుకేమీ కాదు. ఒక రేకుల షెడ్డులో, పొడుగాటి బల్ల ముందు వరసగా కూర్చున్న ఆడవాళ్ళు నాకు ముళ్ళు బిగించారు. అక్కణ్ణుంచి విశాఖపట్నంలో ఒక దుకాణానికి, దుకాణం నుంచి కూర్మన్నపాలెంలో ఒక ట్యుటోరియల్ కాలేజీకి చేరాను. హైమవతిని మొదటిసారి చూసింది అక్కడే. ఇంటర్ పిల్లలకి లెక్కలు చెప్పేది. గంటకి రెండువందల యాభై ఇచ్చేవారు. ఐదు నిమిషాలు ఆలస్యంగా వస్తే ప్రిన్సిపాల్ హాజరు పుస్తకంలో ఎర్రసిరా చుక్క పెట్టేవాడు. ఐదు నిమిషాలు ఎక్కువ చెబితే ఏ చుక్కా పెట్టేవాడు కాదనుకోండి, అది వేరే సంగతి.

హైమవతికి ఏడో నెల ఉండగా కాలేజీ మూతపడింది. బల్లలూ కుర్చీలూ పాతసామాన్లవాడు పట్టుకుపోతుంటే, "సార్, ఆ గడియారం నాకివ్వండి" అని అడిగి నన్ను ఇంటికి తెచ్చుకుంది. రెండు గదుల ఫ్లాటు, మొదటి అంతస్తు. పాప పుట్టింది, చైత్ర అని పేరు పెట్టారు. హైమవతి భర్త ఫణీంద్ర ఒక ఫ్యాక్టరీలో టెక్నీషియను. మంచివాడే. కానీ ఎవరైనా "మీ మిసెస్ ఏం చేస్తారు?" అని అడిగితే "ఏం చెయ్యదండీ, ఇంట్లోనే" అనేవాడు. ఉదయం ఐదున్నర నుంచి నా కళ్ళముందు పరుగులు పెట్టే మనిషి గురించి ఆ మాట! నా సెకన్ల ముల్లు ఒక్క క్షణం ఆగినంత పనయ్యేది.

చైత్రకి మూడేళ్ళు నిండాక, పై అంతస్తులో ఉండే మృణాళిని ఒకరోజు కిందికి వచ్చింది. బ్యాంకులో ఆఫీసరు. వాళ్ళబ్బాయి అక్షిత్‌కి నాలుగేళ్ళు. బడి నుంచి మూడున్నరకి వచ్చేస్తాడు, అప్పటిదాకా చూసుకున్న అత్తగారు కూతురి దగ్గరికి వెళ్ళారట.

"హైమా, ఒక్క వారం రోజులు. కాసేపు కూర్చోబెట్టుకుంటావా? నేను ఐదింటికల్లా వచ్చేస్తాను."

"అయ్యో, దానిదేముందక్కా" అంది హైమవతి.

వారం నెలయింది. ఐదు కాస్తా ఏడుంపావు అయింది. 'కాసేపు' అంటే మూడు గంటల నలభై ఐదు నిమిషాలని నా జీవితంలో అప్పుడే తెలుసుకున్నాను. అన్నం కలిపి పెట్టడం, పాలు, బిస్కెట్లు, గోడల మీద గీసిన బొమ్మలు కడగడం, వాడూ చైత్రా కొట్టుకుంటే విడదీయడం, ప్యాంటు తడుపుకుంటే మార్చడం. నెలాఖరున మృణాళిని పర్సు తీసి, "ఎంతివ్వమంటావు హైమా?" అని అడిగింది.

"మీ ఇష్టమక్కా."

మీ ఇష్టం! ఈ రెండు మాటలు పుట్టించినవాడెవడో నాకు దొరికితే గంటల ముల్లుతో పొడిచేదాన్ని. చేసిన పనికి వెల చెప్పడం సిగ్గు ఎందుకయింది ఈ మనుషులకి? కూరగాయల బండివాడు చెబుతాడు, డాక్టరు బోర్డు మీదే రాసి పెడతాడు, ఇదే హైమవతి ట్యుటోరియల్‌లో తడుముకోకుండా చెప్పింది. చంటిపిల్లల దగ్గరికి వచ్చేసరికి నోరు పెగలదు. మృణాళిని ఇష్టం వెయ్యి రూపాయలు. నెలకి దాదాపు వంద గంటలు. గంటకి పది రూపాయలన్నమాట. హైమవతి లెక్కల టీచరు, ఆవిడకి ఆ భాగహారం రాకనా? నోటు మడిచి పప్పుల డబ్బాలో పెట్టేసింది. ఫణీంద్ర అయితే, "పై అంతస్తువాళ్ళ దగ్గర అదీ తీసుకోకుండా ఉండాల్సింది, బాగోదు" అన్నాడు.

ఇలా పదిహేను నెలలు గడిచాయి.

ఆ ఏడాది జూలైలో హైమవతికి దగ్గర్లోని ఒక స్కూలు నుంచి ఫోనొచ్చింది. సగంరోజు లెక్కల టీచరు ఉద్యోగం, సాయంత్రం ఐదింటికి వచ్చి ఒక పాఠం చెప్పి చూపించాలి. ఫోను పెట్టేశాక ఆవిడ వంటింట్లో ఒక్కతే నవ్వుకోవడం చూశాను. మృణాళినికి రెండురోజుల ముందే చెప్పింది. "తప్పకుండా, నాలుగున్నరకే వచ్చి తీసుకెళ్తాను. ఆల్ ది బెస్ట్" అంది మృణాళిని. ఫణీంద్ర చైత్ర కోసం ఆ రోజు ముందుగా వస్తానన్నాడు, నాలుగుంపావుకే వచ్చాడు కూడా. కానీ అక్షిత్‌కి ఆ రోజు జ్వరం. హైమవతిని అంటుకుపోయి, ఫణీంద్ర చేతుల్లోకి పోనంటే పోనని ఏడుస్తున్నాడు.

నాలుగున్నర. ఐదుకి పది నిమిషాలు. హైమవతి చీర కట్టుకుని, భుజాన వాణ్ణి వేసుకుని, ఫోను మీద ఫోను చేస్తోంది. ఎత్తే దిక్కు లేదు. ఐదుంపావుకి స్కూలువాళ్ళకి చేసి క్షమించమంది. అవతలివాళ్ళు మర్యాదగానే పెట్టేశారు. నేనేం చెయ్యగలను? ఆగిపోగలను, అంతే. ఆగినా కాలం ఆగదు.

మృణాళిని ఏడుంపావుకే వచ్చింది, చేతిలో ఒక గిఫ్టు సంచీతో. కొలీగు సీమంతమట, ఫోను బ్యాగులో ఉండిపోయిందట.

"నాలుగున్నరకి వస్తానన్నారు కదక్కా. నాకు డెమో ఉంది."

"అయ్యో, ఈ రోజా! మర్చేపోయాను హైమా. ఇంకోరోజు పెట్టుకుంటారులే. నువ్వెలాగూ ఇంట్లో ఖాళీగానే ఉంటావు కదా, పర్లేదనుకున్నా."

హైమవతి జ్వరం మందు ఎన్నింటికి వేసిందో చెప్పి, పిల్లాణ్ణి అప్పగించి, తలుపు వేసింది. తర్వాత ఫణీంద్రతో అంది, "ఇందాక నా భుజం మీద మూడు గంటలు పడుకున్నాడు వాడు. నేను ఖాళీగా ఉన్నానట." ఫణీంద్ర, "తప్పు నాది కూడా. నేనూ అదే చెబుతుంటాను అందరికీ" అన్నాడు. ఆ ఇంటికి వచ్చాక అతని నోటివెంట నేను విన్న మంచి మాట అదొక్కటే.

మర్నాడు హైమవతి బయల్దేరింది. మెయిన్‌రోడ్డు మీది డేకేర్‌లో ఎంత తీసుకుంటారో అడిగింది. గిన్నెలు తోమే అప్పలనరసమ్మకి గంటకి ఎంత పడుతుందో ఆవిడతోనే కూర్చుని లెక్క కట్టింది. అరవై పైచిలుకు! ఆ లెక్క తేలగానే ఇద్దరూ ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. "అమ్మా, గిన్నెలు ఏడవ్వు కదమ్మా, నువ్వెందుకు తగ్గాలి?" అంది అప్పలనరసమ్మ. కానీ హైమవతి న్యాయంగానే ఆలోచించింది. తన పాపని ఎలాగూ చూసుకుంటోంది, ఇల్లు తనదే, ఎక్కడికీ వెళ్ళక్కర్లేదు. అందుకని గంటకి నలభై ఐదు, పాలూ టిఫినూ అందులోనే. ఆరున్నర దాటితే ప్రతి అరగంటకీ ఒక గంట వెల. జ్వరమొస్తే తల్లో తండ్రో వచ్చి తీసుకెళ్ళాలి. తెల్లకాగితం మీద రాసి మృణాళినికి ఇచ్చింది.

"మనమధ్య ఇవేంటి హైమా? సొంత చెల్లెల్లా అనుకున్నాను."

"చెల్లెల్నే అక్కా. చెల్లెలి గంట పది రూపాయలా?"

మృణాళిని ముఖం ఎర్రబడింది. సోమవారం నుంచి అక్షిత్‌ని డేకేర్‌లో వేసింది. అక్కడ పావుగంట ఆలస్యానికి వంద రూపాయలు కడుతోందని, కిక్కురుమనకుండా కడుతోందని తెలిసి నా ఒళ్ళు మండిపోయింది. గోడకి బోర్డుంటే గౌరవం, గుమ్మంలో మనిషుంటే లేదు!

ఇంతలో కింది వాటాలో కొత్తగా చేరిన సత్యవేణి వచ్చింది. బట్టల షాపులో సేల్స్‌గర్ల్, ఐదేళ్ళ కూతురు. కాగితం చదివి, "రేటు సరైందే అక్కా. కానీ నా జీతానికి అందదు" అంది. హైమవతి నోట్లోంచి "మీ ఇష్టం" అన్న మాట వచ్చేస్తుందేమోనని నేను భయపడ్డాను. ఈలోపు సత్యవేణే అంది, "మంగళవారం నాకు సెలవు. ఆ రోజంతా మీ చైత్రని నేను చూస్తాను. నా గంటకీ ఇదే రేటు కదా?"

"అదే రేటు" అంది హైమవతి, నవ్వు ఆపుకోలేక.

అలా మంగళవారాలు ఆవిడకి దక్కాయి. ఆ రోజుల్లోనే మరో రెండు స్కూళ్ళకి వెళ్ళి పాఠం చెప్పి వచ్చింది. ఇంకా కబురు రాలేదు.

అక్టోబరులో తుపాను హెచ్చరిక వచ్చింది. బళ్ళకి సెలవు, డేకేర్‌కీ సెలవు, బ్యాంకుకి మాత్రం లేదు. ఉదయం ఎనిమిదింటికి మృణాళిని గొడుగు ముడిచి గుమ్మంలో నిలబడింది. ఎలా అడగాలో తెలియక అక్షిత్ చొక్కా గుండీలు సర్దుతోంది. హైమవతి వాడి చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకుంది. "ఆరింటికి రండక్కా, వాన పెరుగుతుందట" అంది, అంతే.

ఆరింటికి వచ్చింది. ఐదువందల నోటు ఇచ్చి, "ఉంచు హైమా" అంది.

హైమవతి లోపలికి వెళ్ళి యాభై రూపాయల నోటు తెచ్చింది. "పది గంటలక్కా. నాలుగొందల యాభై."

"పర్లేదు, ఉండనీ."

"వద్దు. ఎక్కువిస్తే మళ్ళీ మీ ఇష్టమే అవుతుంది."

మృణాళిని ఆ నోటు తీసుకుంది. గుమ్మం దాటబోయి ఆగి, "ఆ రోజు నీ డెమో... నేను చేసింది తప్పు" అంది. హైమవతి "అవునక్కా" అంది. పర్లేదని మాత్రం అనలేదు.

నవంబరు నుంచి అక్షిత్ మళ్ళీ వస్తున్నాడు, అదే రేటుకి. నా కోపం పూర్తిగా చల్లారిందా అంటే, లేదు. ఆ పదిహేను నెలల గంటలు వెనక్కి రావు. అవి ఎలా పోయాయో నాకు ముల్లు ముల్లుకీ గుర్తుంది. కానీ నిన్న సాయంత్రం మెట్ల మీద ఎవరో పరుగెత్తుకొస్తున్న చప్పుడయింది. ఆయాసపడుతూ మృణాళిని గుమ్మంలోకి వచ్చి, కొడుకుని పిలవకముందే తలెత్తి నన్ను చూసింది. ఆరూ ఇరవై ఎనిమిది.