ఉప్పు చూసి చెప్పు

“అమ్మాయ్, కాస్త ఉప్పు చూసి చెప్పు,” అంటూ అత్తగారు గరిటె నా నోటిదాకా తెచ్చారు. నిన్న మధ్యాహ్నం నుంచి నేను మంచినీళ్లు కూడా ముట్టలేదు. మరో నాలుగు గంటల్లో తూకం. యాభై ఏడు కిలోలు దాటితే, రేపు బాక్సింగ్ రింగులో ఒక్క దెబ్బ తినకుండానే నా ప్రపంచ బెల్టు పోతుంది. ఈ మాట ఆవిడకి పది రోజులుగా చెబుతూనే ఉన్నాను. “చుక్క నాలిక్కి రాసుకుంటే బరువు పెరుగుతావా ఏంటి? నాకు బీపీ, నేను చూడకూడదు కదా,” అన్నారు. రాసుకున్నాను. ఊసేద్దామంటే సింకు నిండా అంట్లు.

రేపటి పోటీ చూడటానికి ఇంటికి పన్నెండుమంది చుట్టాలు దిగారు. పిలిచింది మా ఆయనే. ఆయనే నా కోచ్ కూడా. “ఛాంపియన్ చేతి వంట తినే యోగం ఎంతమందికుంటుంది!” అని వాళ్లని ఊరిస్తుంటే, చెమట పట్టేలా పరుగెత్తాల్సిన గంట నాకు పొయ్యి దగ్గరే ఆవిరైపోయింది. బెల్టు గెలిచిన రోజు ఆయన “గెలిచాం” అన్నారు. అంతకుముందు ఓడిన రెండుసార్లూ “ఓడిపోయావు” అన్నారు. అప్పుడే అడగాల్సింది. ముక్కులు పగలగొట్టడం వచ్చినదానికి గరిటె పక్కకి నెట్టడం చేతకాలేదు. నామీద నాకే ఒళ్లు మండిపోతోంది.

తూకంలో నూట ఇరవై గ్రాములు ఎక్కువొచ్చాను. రెండు గంటలు గడువిచ్చారు. విలేకరుల ముందు మా ఆయన నవ్వుతూ, “ఆడవాళ్లతో ఇదే తంటా అండీ. నోరు కట్టుకోమని చెవినిల్లు కట్టుకుని పోరాను,” అన్నారు. అందరూ నవ్వారు. కూరలో ఉప్పు సరిపోయిందని పొద్దున మెచ్చుకున్న నోరే అది.

తలుపులు మూసిన గదిలో, చెమట కోసం ప్లాస్టిక్ కోటు వేసుకుని తాడాట మొదలుపెట్టాను. జిమ్ములో రోజూ నా గుద్దులకి ప్యాడ్లు పట్టే అక్క ఒక్కతే లోపలికొచ్చింది. నేను ఏడుస్తూ అంతా చెప్పబోతే, “తర్వాత తిడుదువుగానిలే, ఇప్పుడు ఊపిరి దాచుకో,” అంది. కాళ్లు తడబడినప్పుడల్లా లెక్క మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టించింది. గడువుకి పది నిమిషాల ముందు కాటా ఎక్కాను. ఇరవై గ్రాములు తక్కువే ఉన్నాను. మా ఆయన చేతులు పైకెత్తి, “సాధించాం!” అని అరిచారు.

రింగు మూలలో నా పక్కన ఎవరుంటారో రాసే కాగితం ముందుకు తోశారు. “సంతకం పెట్టెయ్. పేర్లు నేను నింపుకుంటాలే.” ఇన్నేళ్లూ ఖాళీ కాగితం మీదే సంతకం పెట్టాను. ఇవాళ ఆయన జేబులోంచి పెన్ను తీసుకుని, కోచ్ అన్న చోట అక్క పేరు రాశాను. కింద మిగిలిన రెండు గళ్లూ కొట్టేశాను.

“మరి నేనో?” అన్నారు, ఇంకా నవ్వుతూనే.

“ఇంట్లో పన్నెండుమంది ఉన్నారు. అత్తయ్యకి బీపీ,” అన్నాను సంతకం పెడుతూ. “రేపు ఉప్పు మీరు చూడండి.”